నల్లరాళ్ల దీవిలో మూడు శనివారాలు

సముద్రం గురించి గొప్పలు చెప్పుకోవడం నేను మానేశానట. ఇది నేననే మాట కాదు, మా ఆవిడ వీరదుర్గ నలుగురిలో అనే మాట. అంతకుముందు ఎవరు దొరికినా కూర్చోబెట్టి, మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె అని, నడక కంటే ముందు నాకు ఈత వచ్చిందని, తుఫానులో తెప్ప మీద రెండు రోజులు గడిపానని మొదలుపెట్టేవాణ్ణి. వినేవాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్లు. 2024 చివర్లో ఆ నోరే నన్ను తీసుకెళ్లి ఒక దీవిలో పడేసింది.

అబుదాబీలో ఒక టూర్ పడవ మీద నాది పని. పడవ నడిపేది బడే సాహెబ్. కడప మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు, ముప్పై ఏళ్లుగా ఈ నీళ్ల మీదే ఉన్నాడు. తాళ్లు కట్టడం, లంగరు వెయ్యడం, ఎక్కినవాళ్లకు జాకెట్లు తొడిగించడం, దీవులు కనబడగానే మైకు పట్టుకుని బట్టీపట్టిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు వదలడం నా వంతు. కోట్ల ఏళ్ల కింద భూమి కడుపులో నిప్పుకు ఉడికి పైకి పొంగిన రాళ్లివని, ఐదు దీవులు గుండ్రంగా నిలబడి మధ్యలో నీళ్లను కదలనివ్వవని, అందుకే సముద్రంలో ఉన్నా దీన్ని సరస్సు అంటారని చెప్పాలి. అంతకు మించి ఎవరైనా ఏమైనా అడిగితే తల ఊపి నవ్వుతాను.

ఆ అక్టోబరు నుంచి ప్రతి శనివారం మా పడవను వాలంటీర్లు మాట్లాడుకున్నారు. యూరప్ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు, ఇక్కడి బళ్లలో పాఠాలు చెప్పే తెల్ల టీచర్లు కలిపి పన్నెండు మంది. దీవుల చుట్టూ తిరిగి పక్షుల గూళ్లు లెక్కపెడతారు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ఏరతారు. దానికి జీతం ఏమీ లేదు, పైగా ఎదురు డబ్బులు కడతారు.

"సొంత డబ్బు పెట్టుకుని దేశం కాని దేశంలో చెత్త ఏరడం ఏందే" అని మొదటి వారం దుర్గతో అన్నాను.

"నువ్వు డబ్బులిస్తానన్నా ఇంట్లో చీపురు పట్టవు కదయ్యా, నీకేం తెలుస్తది" అంది.

ఐదు దీవుల్లో నాలుగింటి మీద పిట్టలు తప్ప ఏమీ లేవు. ఐదోది ఎవరో అరబ్బు యజమానిది, అర్బాబ్ అంటారు ఇక్కడ. దాని మీద ఒక రేకుల గది, నీళ్ల ట్యాంకు, ముప్పై మేకలు, వాటిని కాసే ఒక మనిషి, అంతే. అక్కడ ఒడ్డున చెత్త ఏరుకోవడానికి వాలంటీర్లకు అనుమతి ఉంది కాబట్టి గంటసేపు ఆగేవాళ్లం. ఆ మనిషి తలకు, మొహానికి తువ్వాలు చుట్టుకుని దూరంగా నిలబడి చూసేవాడు. వాలంటీర్లు అతనికి చెయ్యి ఊపి, మేకలతో పాటు ఫోటో తీసుకునేవాళ్లు. నవంబరు మూడో శనివారం నేనూ బడే సాహెబూ మాట్లాడుకుంటుంటే అతను మెల్లిగా దగ్గరికొచ్చాడు.

"తెలుగోళ్లేనా తమ్మీ?" అన్నాడు.

అతని పేరు హన్మంతు. జగిత్యాల దగ్గర పల్లె. దీవికి వచ్చి ఆరేళ్లయింది. రెండేళ్లకు, కరోనా రోజుల్లో, వీసా గడువు అయిపోయింది. అర్బాబ్ పనులు చూసే ముదీర్ దాన్ని మళ్లీ వేయించలేదు.

"ఈడ ఉన్నన్ని దినాలు నిన్ను ఎవ్వడు అడుగడు, ఒడ్డు మీద కాలు వెడితే పోలీసోళ్లు పట్టుకపోతరు అన్నడు. గప్పటి సంది నేను ఖల్లివెల్లినే. నాలుగేండ్లాయె, ఈ చెర్ల నీళ్లు దాటలే" అన్నాడు. వీసా లేకుండా మిగిలిపోయినవాళ్లను ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. మేమంతా సరస్సు అనే ఆ నీళ్లను అతను చెరువు అనేవాడు.

ఈ సంగతి దుర్గకు చెప్పకుండా ఉంటే నా బతుకు నేను బతికేవాణ్ణి. కానీ ఆ సాయంత్రం అన్నం తింటూ చెప్పేశాను. మేముండేది ముసఫ్ఫా షాబియాలో ఒక గది. ఆమె అక్కడి నర్సరీ బడిలో ఆయాగా చేస్తుంది. ఆ సెప్టెంబరు నుంచి దేశంలో క్షమాభిక్ష నడుస్తోంది. వీసా లేనివాళ్లు జరిమానా కట్టకుండా, జైలుకు పోకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. డిసెంబరు ముప్పై ఒకటి ఆఖరు తేదీ. తెలుగువాళ్లు కొందరు కలిసి ఒక సహాయం బల్ల పెడితే, దుర్గ సెలవు రోజుల్లో అక్కడ కూర్చుని ఫారాలు నింపేది. ఆమె కూడా జీతం లేని వాలంటీరే అన్నమాట.

"నాలుగేళ్లా?" అంది, గరిటె గిన్నెలోనే వదిలేసి. "నువ్వేం చెప్పావు ఆయనకి?"

"ఏం చెప్తాను, అయ్యో పాపం అన్నాను."

"పాపం అంటే సరిపోయిందా? ముప్పై ఒకటి దాటితే మళ్లీ జరిమానాలు, జైలు. పడవెక్కించుకుని రావాల్సింది."

"పడవేమన్నా మా నాయనదా?"

ఆమె ఇంక మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఏదో చెయ్యబోతోందని పన్నెండేళ్ల కాపురంలో నాకు తెలిసుండాలి. తర్వాతి శనివారం జెట్టీ దగ్గర వాలంటీర్ల వరుస చివర మా ఆవిడ నిలబడి ఉంది. చుడీదార్ మీద వాళ్లిచ్చిన పచ్చ వెస్టు, చేతులకు రబ్బరు తొడుగులు. ఫోన్‌లో పేరు నమోదు చేసుకుందట. అందరికీ తొడిగినట్టే ఆమెకూ జాకెట్ తొడగాల్సి వచ్చింది.

"గట్టిగా బిగించు, నాకు ఈత రాదు" అంది. దీవులు రాగానే నేను మైకులో నా నాలుగు ముక్కలూ చెప్పి దిగితే, "ఇందాక చెప్పిందాంట్లో నీకు అర్థమయింది ఎంత?" అని అడిగింది. బడే సాహెబ్ చుక్కాని దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు.

దీవి మీద ఆమె ఒక్క సీసా కూడా ఏరలేదు. తిన్నగా హన్మంతు దగ్గరికి పోయి రాయి మీద కూర్చుంది. ఫారం, పెన్ను, ఫోటో తీయడానికి తెల్ల గుడ్డ, అన్నీ సంచిలో తెచ్చుకుంది.

"చెల్లె, నీకు దండం పెడ్త. నన్ను గీడ్నే ఉండనియ్యి" అన్నాడు హన్మంతు.

"ఎందుకన్నా? చట్టమే పొమ్మంటుండాది కదా."

"చట్టం పొమ్మంటది. ముదీర్ పోనియ్యడు. పాస్‌పోర్టు ఆయన తాన్నే ఉన్నది. నాకంటె ముందుగాల ఈడ బంగ్లాదేశపాయన ఉండె. ఆయన పోతున్నడని ముదీర్‌కు ఎరుకైంది, మేకలమ్ముకున్నడని దొంగతనం కేసు వెట్టిండు. ఎయిర్‌పోర్టులనే ఆపిండ్రు. ఇప్పటికీ జైల్లనే ఉన్నడంటరు."

ఆ తర్వాత అతను ఫోన్ తీసి, గుట్ట మీద సిగ్నల్ దొరికినప్పుడు వచ్చిన ఒక మెసేజ్ వినిపించాడు. అతని భార్య అంజవ్వ గొంతు. ఏడుపు లేదు, కోపం కూడా లేదు.

"ఏమయ్యా, డాక్టరమ్మ ఇగ ఆగద్దన్నది. కడుపుల గడ్డ పెద్దగైందట. సంక్రాంతి దాటితె నా పూచీ లేదన్నది. నువ్వచ్చి పక్కన నిలవడితెనే నేను ఆ బల్ల ఎక్కుత. నువ్వు రాకుంటె ఎక్క. గంతే."

దుర్గ ఆ మెసేజ్ రెండుసార్లు వింది. తిరుగు ప్రయాణంలో పడవ అంచున కూర్చుని నీళ్ల వంక చూస్తూనే ఉంది.

జెట్టీ దగ్గర గార్డు ఎప్పట్లాగే జాకెట్లు లెక్కపెట్టాడు. పోయేటప్పుడు కార్డులన్నీ చూసి, మనిషికో నారింజ జాకెట్ చొప్పున రాసుకుంటాడు. వచ్చేటప్పుడు కార్డులు అడగడు, జాకెట్లు లెక్కపెడతాడు. లెక్క సరిపోతే సరే. ఒకరు ఎక్కువైతే ఆ ఎక్కువైన మనిషి కార్డు అడుగుతాడు. అది చూసి దుర్గ కళ్లు మెరిశాయి.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం బడే సాహెబ్‌ను భోజనానికి పిలిచి, చేపల పులుసు వడ్డిస్తూ బయటపెట్టింది.

"ఆయన విమానం ఎక్కేదాకా ఆ ముదీర్‌కు తెలియకూడదు. తెలియకుండా ఉండాలంటే దీవి మీద మేకలతో ఒక మనిషి కనబడతా ఉండాలి. జెట్టీలో లెక్క సరిపోవాలంటే ఒకరు దిగి, ఒకరు ఎక్కాలి. వచ్చే శనివారం మారిస్తే, ఆ పై శనివారానికి కాగితాలు చేతికొస్తాయి. దిగినాయన్ని ఎక్కించుకుని రావడానికి ఇబ్బందేం లేదు, కార్డుంటది కదా."

"దిగేది ఎవరమ్మా?" అన్నాడు బడే సాహెబ్, ముల్లు తీసుకుంటూ.

ఇద్దరూ నా వంక చూశారు.

"వారమే" అంది దుర్గ.

"ఏమప్పా, ఉండగలవా?" అన్నాడు బడే సాహెబ్. ఆయన నిజంగానే అడిగాడు. కాదంటే ఆ మాట అక్కడితో పోయేది. దుర్గ కూడా బలవంతం చేసేది కాదేమో. నాకు కోపం వచ్చింది. ఉండగలవా ఏంది, నన్ను పట్టుకుని?

"నేను సముద్రంలో పుట్టినోణ్ణి సాహెబ్. వారమేంది, నెల ఉంటా" అన్నాను.

మరి ఉద్యోగం సంగతి? దానికీ దుర్గ దగ్గర మందు ఉంది. నాకు అమ్మవారు పోసిందని మా ఆఫీసుకు ఫోన్ చేస్తుందట. ఒళ్లంతా పొక్కులు, మూడు వారాలు ఎవరూ దగ్గరికి రాకూడదు. ఆఫీసు వాళ్లే రావద్దంటారు. ఎవరైనా చూడ్డానికొచ్చినా గుమ్మానికి వేపమండలు కట్టి ఉంటాయి. అబుదాబీ రోడ్ల పక్కన చెట్లన్నీ వేపచెట్లే కదా.

నవంబరు ముప్పై శనివారం మార్పిడి జరిగింది. వాలంటీర్లు ఒడ్డు వెంట చెత్త ఏరుకుంటుంటే రేకుల గదిలో నేను నా నీలం టీషర్టు, టోపీ, జాకెట్ హన్మంతుకిచ్చి అతని తువ్వాలు చుట్టుకున్నాను. తువ్వాలు మేకల వాసన కొట్టింది. అతను దాణా ఎక్కడుంది, నీళ్లు ఎంత పోయాలి, సూర్యుడితో నడిచే ఛార్జరు ఎట్లా పెట్టాలి, అన్నీ గబగబా చెప్పాడు. పడవ పలక మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

"తమ్మీ, ఒడ్డు మీద పోలీసోళ్లు పట్టుకుంటె ఎట్ల?"

"ఎక్కన్నా" అన్నాను. బడే సాహెబ్ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

జెట్టీలో గార్డు జాకెట్లు లెక్కపెట్టి పొమ్మన్నాడట. దిగేటప్పుడు వాలంటీర్ల పెద్ద, పొడుగాటి తెల్లావిడ, రెండు నెలలుగా ప్రతి శనివారం నాతో మాట్లాడినావిడ, హన్మంతు చెయ్యి పట్టి ఊపి, నా పేరు పెట్టి "థాంక్యూ ఆదీ" అందట. దుర్గ నవ్వుతూ ఈ మెసేజ్ పంపితే నేనూ గుట్ట మీద కూర్చుని బాగా నవ్వాను. అది మొదటి రోజు.

ఆ దీవి చుట్టూ తిరగడానికి నలభై నిమిషాలు చాలు. కొడవలి అంచుల్లాంటి నల్లరాళ్లు, మధ్యమధ్యలో తుప్పు రంగు మట్టి, నీళ్లు ఆరిన చోట తెల్లగా ఉప్పు. డిసెంబరు అయినా మధ్యాహ్నానికి రాళ్లు పెనంలా కాలేవి. రెండు రోజులు చేపలు పట్టి కాల్చుకుని రాజాలా తిన్నాను. మూడో రోజు నాకు మాట్లాడాలనిపించింది. మేకలతో మాట్లాడాను. ఐదో రోజు నా గొంతు నాకే వేరేవాళ్లదిలా వినబడి మానేశాను.

ఏడో రోజు శనివారం. పొద్దున్నుంచి ఒడ్డున సంచి పట్టుకుని నిలబడ్డాను. గాలి లేచింది. నీళ్లు దీవుల బయట తెల్లగా విరుగుతున్నాయి. గుట్టెక్కి చూస్తే దుర్గ మెసేజ్: గాలి వల్ల పడవలన్నీ ఆపేశారు, మా పడవకు అనుమతి శనివారాలే కాబట్టి ఇంక వచ్చే వారమే.

"ఇంకోటయ్యా, ఔట్‌పాస్ కూడా ఇంకా రాలేదు" అంది. పాస్‌పోర్టు లేనివాళ్లకు మన ఎంబసీ ఇచ్చే కాగితం అది. "ఊరి రుజువు కావాలన్నారు. అంజవ్వ రేషన్ కార్డు ఫోటో పంపింది. నువ్వు బాగుండావు కదా? మీ ఆఫీసాయన ఫోన్ చేశాడు. అమ్మవారి పేరు చెప్తే ఫోన్‌లోనే రెండడుగులు ఎనక్కి పోయినట్టుండాడు."

ఈసారి నాకు నవ్వు రాలేదు.

రెండో వారం నేను మంచివాణ్ణి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. పొద్దున లేస్తే ఎదురుగా అవే నాలుగు దీవులు, మధ్యలో అవే నీళ్లు. ఒడ్డు కనబడదు. ఈత వచ్చినవాణ్ణే, కానీ అంత దూరం ఈది చేరే మనిషి ఎవడూ లేడు. ఒకరోజు నడుము లోతు దాకా దిగి నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చేశాను. గుట్ట ఎక్కితే దుర్గ మెసేజ్‌లు. హన్మంతన్నకు ఫోటోలు తీయించాం. హన్మంతన్న వేలిముద్రలు సరిగా పడలేదు. ఈరోజు హన్మంతన్నకు చేపల పులుసు పెడితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతను పడుకునేది బడే సాహెబ్ గదిలోనే. తినేది మాత్రం మా ఇంట్లో. నా చొక్కా వేసుకుని, నా పీట మీద కూర్చుని, నా భార్య వండింది తింటున్నాడు. నేనేమో ఇక్కడ వాడి తువ్వాలు చుట్టుకుని వాడి మేకలకు నీళ్లు పోస్తున్నాను. ఆ మనిషి మీద నాకు అసహ్యం పుట్టింది. వీళ్లంతా కలిసి నన్ను ఇక్కడే వదిలేస్తారేమోనని కూడా అనిపించింది.

రెండో శనివారమూ పడవ రాలేదు. ఇంజను చెడి మరమ్మతుకు పోయిందట. ఆ మాట వినగానే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేసే మాటలు అన్నాను.

"నాకు వాడూ వద్దు, వాడి పెళ్లామూ వద్దు. ఏ పడవ దొరికితే ఆ పడవలో వాణ్ణి తెచ్చి ఇక్కడ దింపండి. నేనొచ్చేస్తా. నాకు పిచ్చెక్కుతుండాది దుర్గా."

పంపేశాను. మర్నాడు సాయంత్రం దాకా ఆమె నుంచి ఏమీ రాలేదు. వచ్చింది హన్మంతు నుంచి.

"తమ్మీ, చెల్లె ఫోన్ల నీ మాట ఇన్న. నీ తప్పేం లేదు. గా దీవి అసొంటిదే. నేను మొదటి ఏడాది మేకలను కొట్టిన, తర్వాత నన్ను నేనే కొట్టుకున్న. నువ్వు రమ్మంటె నేనస్త. చెల్లెకు చెప్పకు, సాహెబ్‌కు నేను చెప్పుకుంట. అంజవ్వకు ఏదన్న చెప్తగాని. నువ్వు ఊ అను."

నేను ఊ అంటే వచ్చేస్తాడు. అందులో నాకు అనుమానం లేదు. నాలుగేళ్లు ఉన్నచోటికి, నాకు పధ్నాలుగు రోజులకే పిచ్చెక్కిన చోటికి, మళ్లీ వస్తాడు. నేను ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, "అన్నా, నువ్వు అక్కడే ఉండు. నేనేదో ఒళ్లు తెలియక వాగాను" అని పంపాను.

మంగళవారం ఔట్‌పాస్ వచ్చింది. ఎగ్జిట్ కాగితం అదే రోజు ఇచ్చారు. గురువారం మధ్యాహ్నానికి హైదరాబాద్ విమానం.

బుధవారం పొద్దున్న పడవ చప్పుడు వినబడింది. మా పడవ చప్పుడు కాదది. తువ్వాలు కళ్ల కింది దాకా చుట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. దాణా, నీళ్ల డ్రమ్ములు తెచ్చే పడవ. ముందు భాగంలో గొడుగు కింద నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న లావుపాటి మనిషి కూర్చుని ఉన్నాడు, ముదీరే అనుకున్నాను. ఇద్దరు మనుషులు డ్రమ్ములు దొర్లిస్తుంటే అతను కదలకుండా హిందీలో పిలిచాడు.

"హన్మంతూ."

"సాబ్" అన్నాను.

"ఉన్నావన్నమాట." అతను నవ్వాడు. "మా ఆఫీసు వాళ్లు గాడిదలు. నీ పేరు మీద ఎగ్జిట్ కాగితం తయారైందని నిన్న మెసేజ్ వచ్చింది, నువ్వు పారిపోయావని గోల చేశారు. దొంగతనం కేసు రాయించమంటావా అని అడుగుతున్నారు. ముందు చూసి రానివ్వండి అన్నాను. పద, ఎక్కు."

"ఎక్కడికి సాబ్?"

"ఆఫీసుకి. ఎవడో నీ పేరు వాడుకుంటున్నాడు. నీ వేలిముద్ర వేయించి, మనిషి మా దగ్గరే ఉన్నాడని చూపించి, ఆ కాగితం కొట్టేయిస్తా. సాయంత్రానికి మళ్లీ దింపేస్తా."

"పోలీసులు పట్టుకుంటారేమో సాబ్."

"నేనున్నాను కదా. నా పక్కన కూర్చుంటే నిన్నెవడు అడుగుతాడు?"

నాలుగేళ్లు హన్మంతును ఇక్కడ కట్టేసిన భయం అదే. దాన్ని ఈ మనిషి గొడుగు కింద కూర్చుని ఒక్క మాటతో కొట్టేశాడు. అది ఆలోచించే ఓపిక కూడా నాకు ఆ క్షణంలో లేదు. నాకు పడవ మాత్రమే కనబడుతోంది. పలక వేసి ఉంది. లోపల నీడ ఉంది, చల్లటి నీళ్ల సీసాలున్నాయి. ఎక్కితే రెండు గంటల్లో ఒడ్డున ఉంటాను. ఆఫీసులో నా వేలు పెట్టగానే నేను హన్మంతును కానని తేలుతుంది. అప్పుడు ఎక్కడున్నాడు వాడు అని వెతుకుతారు. ఒక్క ఫోన్ చాలు, రేపు ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. నేను మాత్రం ఇంటికి చేరిపోతాను. అడిగితే పడవ మీద పనివాణ్ణని, నాకేమీ తెలియదని చెప్పుకోవచ్చు. నా కాళ్లు రెండడుగులు ముందుకు వేశాయి కూడా. అబద్ధమెందుకు, వేశాయి.

"సాబ్, నేను రాలేను" అన్నాను.

"ఏం?"

"మేక ఈనుతోంది సాబ్. పొద్దున్నుంచి నొప్పులు. పిల్ల అడ్డం తిరిగింది. నేను పోతే తల్లీ పిల్లా రెండూ చస్తాయి."

మేకల గురించి నాకు తెలిసింది సున్నా. నోటికొచ్చింది అది. ముదీర్ మొదటిసారి కళ్లద్దాలు తీశాడు.

"ఏ మేక? అర్బాబ్ ఒమన్ నుంచి తెప్పించిందా?"

"అదే సాబ్."

అతని మొహం మారిపోయింది. గొడుగు కింది నుంచి లేచి నిలబడ్డాడు. "అయితే నువ్వు కదలొద్దు. ఇక్కణ్ణుంచి కదలొద్దు. దానికేమైనా అయితే అర్బాబ్ నన్ను ఉంచడు. ఆ కాగితం సంగతి వచ్చే వారం చూద్దాం. నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, నేను చూశాను కదా, అది చాలు. యల్లా." పడవవాడు పలక లాగేశాడు. ఇంజను మోగాక ముదీర్ మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఆరేళ్లుగా చూస్తున్నాను నిన్ను" అని అరిచాడు. "చెప్పకుండా పోయేవాడివి కాదని నాకు తెలుసు."

పడవ దీవుల మధ్యలోంచి బయటికి పోయి చిన్నదైపోయే దాకా నిలబడే ఉన్నాను. తర్వాత ఉప్పు మీద కూలబడి, ముదీర్‌ను, దుర్గను, నన్ను కన్నవాళ్లను, అందరినీ నోరారా తిట్టాను. మేకలు వచ్చి చుట్టూ నిలబడ్డాయి.

శనివారం బడే సాహెబ్ వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. గార్డు ఎక్కువైన మనిషి కార్డు అడిగితే చూపించాను, లంగరు తాడు బాగుచేయడానికి ముందే దిగాడని సాహెబ్ చెప్పాడు, అంతే. మేకల దగ్గర మనిషి లేడని దుర్గ ఎవరి చేతో ఆ ఆఫీసుకు ఫోన్ చేయించింది. జనవరిలో అంజవ్వ ఆపరేషన్ బల్ల ఎక్కింది, దిగింది కూడా. ఇవన్నీ తర్వాతి సంగతులు. గురువారం సంగతి ఒకటి మిగిలింది.

గురువారం పొద్దున్నుంచి నేను గుట్ట మీదే ఉన్నాను. నీళ్లు తాగడానికి కూడా దిగలేదు. మధ్యాహ్నం రెండున్నరకు హన్మంతు నుంచి మెసేజ్ వచ్చింది. వెనక ఎయిర్‌పోర్టు మైకుల గోల. అతను మెల్లిగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు మాట్లాడుతున్నాడు.

"తమ్మీ, లోపటికి వచ్చిన. ఇగ విమానమే. ఈడ కౌంటర్ల ఒక ఆడిమనిషి కూసున్నది. నా కాగితం మీద ఫొటో చూసింది. తల లేపి నా మొఖం చూసింది. మల్ల ఫొటో చూసింది. 'హన్మంతు?' అన్నది. 'నేనే' అన్న తమ్మీ. 'నేనే' అన్న."

అక్కడితో మెసేజ్ ఆగిపోయింది. మళ్లీ పెట్టుకుని విన్నాను. కింద మేకలు నీళ్లకు అరుస్తుంటే దిగి వెళ్లాను.